ఆ మైకు నేతన్న చేతికివ్వండి

శిల్పారామం ప్రత్యేకాధికారి గారికి బహిరంగ లేఖ



నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో పనిచేస్తాను. కోడ్ రాసే పని కాదు. మీటింగులకి కెమెరాలు, మైకులు అమర్చి, ఇక్కడ జరిగేది వేరే దేశాల్లో ఉన్న సిబ్బందికి అప్పటికప్పుడు కనిపించేలా, వినిపించేలా చూసే పని. రోజంతా లైవ్‌లతోనే గడుస్తుంది కాబట్టి ఎక్కడికి వెళ్లినా ‘ఇక్కడ లైవ్ పెడితే ఎలా ఉంటుంది’ అని లెక్కలేసుకోవడం అలవాటైపోయింది. మాదాపూర్ మొత్తమ్మీద నా లెక్కకి సరిపోయిన చోటు మీ శిల్పారామం.

మీ సంస్థ 1992లో మొదలైంది. ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌ని ప్రారంభించింది 1998 నవంబరు 22న. అంటే ఈ ఐటీ కారిడార్‌కి కంప్యూటర్ల కంటే కుండలూ మగ్గాలే ముందొచ్చాయి. తర్వాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి, 2019లో మెట్రో వచ్చింది, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. మీ చెట్లూ బండరాళ్లూ మాత్రం అలాగే ఉన్నాయి, పుణ్యం కట్టుకున్నారు.

అయితే ఈ మేడల్లో కూర్చున్నవాళ్లు చీరలు ఎక్కడ కొంటున్నారో చూశారా? సాయంత్రం టీ వేళకి మా ఆఫీసు కెఫెటేరియాలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్ వంక కళ్లార్పకుండా చూసే ఆడవాళ్లలో కొందరు చూసేది సీరియల్ కాదు, చీరల లైవ్. మీ గేటుకి కూతవేటు దూరంలో కూర్చుని, కేపీహెచ్‌బీ నుంచో మియాపూర్ నుంచో ఎవరో చూపిస్తున్న చీరకి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తున్నారు.

నేనుండే నిజాంపేట అపార్ట్‌మెంట్‌లోనూ ఒకావిడ లైవ్ పెడతారు. ఓసారి నెట్ మాటిమాటికీ ఆగిపోతోందంటే చూడ్డానికి వెళ్లాను. సోఫా గోడవారకి జరిపేశారు. వెనక క్రీమ్ రంగు పరదా, ముందు ఇస్త్రీ బల్ల, నెత్తిమీద రింగ్ లైట్. ప్లాస్టిక్ బుట్టలో చీరలు, ఒక్కోదానికి గుండుసూదితో నెంబరు చీటీ. కెమెరాకి కనపడకుండా ఆడపడుచు కింద కూర్చుని రెండో ఫోన్‌లో వాట్సాప్ చూస్తూ ‘వదినా, పదిహేడు అయిపోయింది’ అని గుసగుసగా చెబుతోంది. ఈవిడ వెంటనే ‘పదిహేడు బుక్డ్ అండీ, సింగిల్ పీస్, స్క్రీన్‌షాట్ పెట్టి ఉంచండి, పేమెంట్ రాకపోతే మీకే ఇస్తాను’ అంటూ పద్దెనిమిదో చీర విప్పేస్తున్నారు. చెయ్యి ఆగదు, నోరు ఆగదు. కొంగు, బోర్డరు, బ్లౌజు ముక్క, మళ్లీ కొంగు. మా కంపెనీ పెద్దల్లో ఒక్కరికి ఆ చురుకుదనం వచ్చినా నా ఉద్యోగం సగం తేలికవుతుంది.

ఇంతలో ఎవరో కామెంట్ పెట్టారు: ‘ఇది నిజంగా పోచంపల్లేనా అండీ, ప్రింటా?’

ఆవిడ ఒక్క క్షణం తడబడి ‘పోచంపల్లి డిజైనే అండీ, క్లాత్ చాలా బాగుంటుంది’ అని దాటేసి తర్వాతి చీరకి వెళ్లిపోయారు. ఆవిడని తప్పు పట్టలేను. బేలు విప్పి అమ్మడమే ఆవిడకి తెలుసు. ఆ గుడ్డ మగ్గం మీద నేసిందో, మిషన్‌లో అచ్చేసిందో ఆవిడకి చెప్పినవాళ్లు లేరు.

ఆ తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం మీ దగ్గరికి వచ్చి, ఒక స్టాల్‌లో కూర్చున్న పెద్దాయన్ని అదే మాట అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మడత మీదున్న చీర తీసి అంచు పట్టుకుని తిరగేశాడు. ‘ప్రింటయితే ఎనక పక్క ఎలిసిపోయినట్టు ఉంటది. గిది సూడు, రెండు దిక్కులా ఒక్క తీరే ఉన్నది. నూలుకే రంగేసి నేస్తం గదా.’ తర్వాత పువ్వు అంచు మీద వేలు పెట్టి, గీత గీసినట్టు ఉండకుండా కొంచెం చెదిరినట్టు ఉండటం చూపించాడు. నూలు పోగుల్ని సాపుగా బిగించి, సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టి, రంగులో ముంచుతారట. కట్టు కింద రంగు ఎక్కదు. ఒక్కో రంగుకి కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. మగ్గమెక్కాక ఆ పోగులన్నీ మళ్లీ చోటుకి చోటు కలవాలి. వెంట్రుకవాసి తేడా వస్తుంది కాబట్టే ఆ చెదురు. పడుగుకీ పేకకీ రెండింటికీ అలా కట్టి నేస్తే డబుల్ ఇక్కత్. అయిదు నిమిషాల్లో ఇంత చెప్పాడు. ఆ అయిదు నిమిషాల్లో ఆయన స్టాల్ ముందుకి ఇంకెవరూ రాలేదు.

నిజాంపేటలో ప్రశ్న ఉంది, మాదాపూర్‌లో జవాబు ఉంది. ఈ రెండింటినీ కలపమనే ఈ లేఖ.

ప్రతి శనివారం పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా శిల్పారామం నుంచి లైవ్ పెట్టండి. వారానికి ఒక్క కళాకారుడు, ఒక్క స్టాల్. అంతకు మించి వద్దు.

వెంటనే ఒక విన్నపం కూడా. దయచేసి దీనికి ప్రారంభోత్సవం చేయకండి. ప్రభుత్వం వాళ్లు, సంఘాల వాళ్లు పెట్టే లైవ్‌లు చాలా చూశాను. స్టేజీ మీద పన్నెండు కుర్చీలు, కెమెరా హాలు చివర ఎక్కడో. ‘హలో, మైక్ టెస్టింగ్’ నుంచే ప్రసారం మొదలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లు, మళ్లీ ప్రతి పెద్దా తన వంతు వచ్చినప్పుడు చదివే అవే పేర్లు. కింద కామెంట్లలో జనం ‘ఆడియో రావట్లేదు’ అని మొత్తుకుంటుంటారు, చూసే నాథుడుండడు. అక్కడ హాల్లో ఉన్నవాడికి సమోసా అన్నా వస్తుంది. ఫోన్‌లో చూసేవాడికి ఏం వస్తుంది? బొటనవేలితో పైకి తోసేస్తాడు.

లైవ్‌కి జనం సినిమా హాలుకి వచ్చినట్టు ఒక్కసారిగా రారు. ఎనిమిదింటికి పదిమంది, ఎనిమిదీ పావుకి ఇంకో ముప్పైమంది, మధ్యలో సగంమంది పిల్లలకి పాలు కలపడానికి లేచిపోతారు. అందుకని రెండు జాగ్రత్తలు కావాలి. ‘అందరూ జాయిన్ అయ్యేదాకా ఆగుదాం’ అని మొదటి అయిదు నిమిషాలు ఊరికే నవ్వుతూ కూర్చోకూడదు. తర్వాత రికార్డింగ్ చూసేవాళ్లకి కనిపించే మొదటి దృశ్యం అదే. యూట్యూబ్‌లో 12 గంటల లోపు లైవ్ దానంతటదే వీడియోగా మిగిలిపోతుంది, దాన్ని చూసేవాళ్లే ఎక్కువమంది కావచ్చు. కాబట్టి ఎనిమిది కొట్టగానే మగ్గం ఆడుతూ ఉండాలి. రెండోది, అయిదారు నిమిషాలకోసారి ‘ఇప్పుడే వచ్చినవాళ్లకి, ఇది పుట్టపాక తేలియా రుమాల్, నేసినాయన ఈయనే’ అని విసుగు లేకుండా చెప్పాలి.

చెప్పేది ఎవరు? నేతన్న కాదు. ఆయన రెండు చేతులూ పనిలో ఉంటాయి. ఇక్కడే మనకి పాత విద్య ఒకటి ఉంది. బుర్రకథలో కథకుడు తంబురా పట్టుకుని మధ్యలో నిలబడతాడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. అందులో హాస్యం చెప్పే వంత పని ఏమిటి? ఎదురుగా కూర్చున్న ఊరి జనానికి వచ్చే సందేహాన్నే తను పైకి అడగడం. ‘అదెట్లాగన్నా?’ అని అతను అడిగితే కథకుడు విప్పి చెబుతాడు. బుర్రకథకుడు నాజర్ గారి దళం చుట్టూ వేలమంది కదలకుండా కూర్చున్నారంటే కథ ఒక్కటే కారణం కాదు, ఆ ప్రశ్న సరైన చోట పడటం కూడా. మీ లైవ్‌కి కావలసింది అలాంటి వంత ఒకరు. మీ ఆఫీసులోనే ఉంటారు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయో అబ్బాయో, ఊరికే ఉండలేని మనిషి. రెండో ఫోన్‌లో కామెంట్లు చూడాలి, అడిగినవాళ్ల పేరు చదవాలి, ప్రశ్న మళ్లీ పైకి చెప్పాలి, జవాబు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ‘ఇంకోసారి చెప్పు పెద్దనాన్నా’ అనాలి. చదువుకున్న యాంకర్‌ని తెచ్చి ‘మన సాంప్రదాయ హస్తకళా వైభవం’ అనిపించారో, అంతే సంగతులు.

నేతన్న చేత కూడా పుస్తకాల తెలుగు మాట్లాడించకండి. ‘ఎలిసిపోయినట్టు ఉంటది’ అన్నప్పుడే నాకు నమ్మకం కలిగింది. అదే మాట ఆయన ‘వర్ణం వెలిసినట్లు గోచరిస్తుంది’ అంటే ఎవరో రాసిచ్చారనుకునేవాణ్ణి.

ప్రశ్న ఇక్కడికి చేరడానికి కొంత ఆలస్యం పడుతుందని వంతకి ముందే చెప్పి ఉంచాలి. యూట్యూబ్‌లో మామూలు సెట్టింగ్‌తో మీరు చెప్పిన మాట చూసేవాళ్లకి చేరేసరికి అర నిమిషం పట్టినా పడుతుంది. ‘అల్ట్రా లో లేటెన్సీ’ అని ఒకటి ఉంటుంది, అది పెడితే కొన్ని సెకన్లకి తగ్గుతుంది. అయినా నేతన్న రెండో చీర విప్పేశాక మొదటి చీర గురించి ప్రశ్న వస్తుంది. ‘ఇందాకటి ఎర్రది ఉతికితే రంగు పోతుందా అని కరీంనగర్ నుంచి అడుగుతున్నారు’ అని విడమరిచి చెబితే గందరగోళం ఉండదు. ఇంత చిన్న విషయం మా కంపెనీల్లో పెద్ద పెద్దవాళ్లకి తెలియక, ఎవరో అడిగినదానికి ఇంకెవరికో జవాబిస్తూ ఉంటారు.

ఇక శబ్దం. అన్నిటికంటే దీని మీదే నాకు పట్టుదల ఎక్కువ. రేడియోలో భద్రాచలం సీతారాముల కల్యాణానికి ఉషశ్రీ గారి ప్రత్యక్ష వ్యాఖ్యానం విన్న తరం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వాళ్లని అడగండి, కల్యాణం చూశామనే చెబుతారు. బొమ్మ లేకుండా ఒక్క గొంతుతో అన్నేళ్లు నడిచింది ఆ లైవ్. ఫోన్ లైవ్‌లో బొమ్మ కాసేపు మసకబారినా జనం ఓర్చుకుంటారు, మాట గరగరమంటే ఉండరు. ఫోన్‌కి ఉన్న మైకు నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి కంటే పక్కనే ఉన్న ఫ్యాన్‌ని బాగా వింటుంది. నేతన్న చొక్కాకి ఒక కాలర్ మైకు, వంతకి ఒకటి. వాటి నెత్తిన గాలి తగలకుండా చిన్న స్పాంజి టోపీలు. మగ్గం దగ్గర ఇంకో చిక్కు ఉంది. పన్నె లాగి కొట్టినప్పుడల్లా ఆ దెబ్బ కాలర్ మైకులో పిడుగులా పడుతుంది. మైకు సౌండు తగ్గించి, నేసేటప్పుడు మాట్లాడించకుండా, ఆపినప్పుడు మాట్లాడిస్తే సరి. మధ్యలో ఒక నిమిషం ఎవరూ ఏమీ అనకుండా మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించండి. జనం హెడ్‌ఫోన్స్‌లో వాన చప్పుడు పెట్టుకుని నిద్రపోయే రోజులివి, మగ్గం చప్పుడు వినరా?

మీ ప్రాంగణంలో సాయంత్రాలు ఆంఫీ థియేటర్ స్పీకర్లు మోగుతుంటాయి, పక్క స్టాల్‌లో ఎవరో ఒకరు సినిమా పాట పెట్టుకుంటారు. ఆ పాట మన లైవ్‌లోకి వచ్చిందంటే యూట్యూబ్ యంత్రం పట్టేస్తుంది. హక్కుదారుల పాట అని మన బొమ్మ తీసేసి వేరే బొమ్మ పెట్టొచ్చు, ప్రసారమే ఆపేయొచ్చు. నేతన్న తేలియా రుమాల్ గురించి చెబుతుండగా ఎవరిదో మాస్ పాట వల్ల లైవ్ ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటాం?

అందుకే పొద్దున ఎనిమిది అన్నాను. మీ గేటు పదిన్నరకి కదా తెరిచేది. ఎనిమిదింటికి స్పీకర్లుండవు, పిల్లల ఏడుపులుండవు, తమను అడక్కుండా వీడియోలో చూపించారనే సందర్శకులుండరు. చెట్ల మధ్య నుంచి మెత్తటి వెలుగు ఉంటుంది. శనివారం కాబట్టి ఐటీ వాళ్లు ఇంట్లో కాఫీ కప్పుతో ఉంటారు. ఇక మనవాళ్లుండే డాలస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి. ఎండాకాలమైతే తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ పట్టుకునే వేళ. మెల్‌బోర్న్‌లో శనివారం మధ్యాహ్నం. లండన్ వాళ్లకి మాత్రం ఎండాకాలంలో తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో రెండున్నర, వాళ్లు రికార్డింగ్ చూసుకుంటారు. ఏ వేళ పెట్టినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. ఒకసారి పెట్టిన వేళ మాత్రం మార్చకూడదు.

వెలుతురు గురించి ఒక్కటి చెబుతాను. లైవ్‌లో చీర కొన్నవాళ్ల గొడవల్లో మొదటిది ‘వీడియోలో ఒక రంగు, ఇంటికొచ్చింది ఒక రంగు’. పసుపు రంగు బల్బు కింద మెరూన్ ఇంకోలా కనిపిస్తుంది. పైగా ఎర్ర చీర దగ్గరికి తెచ్చినప్పుడల్లా ఫోన్ తనంతట తాను రంగు సర్దేస్తుంది. మొదట్లో ఒక తెల్ల కాగితం చూపించి, ఫోన్‌లో రంగునీ వెలుతురునీ లాక్ చేసేయాలి. ప్రతి చీర పక్కనా ఆ కాగితం పట్టుకోవాలి. ముఖాలు తెల్లగా చేసే ఫిల్టర్లు పెట్టకండి, అవి నీలిమందునీ తెల్లగా చేస్తాయి.

మిగతా సరంజామా పెద్దది కాదు. మంచి ఫోన్, కదలని స్టాండు, పవర్ బ్యాంక్. లైవ్ పెట్టే ఫోన్‌కి కాల్ వస్తే ప్రసారం తెగొచ్చు కాబట్టి ఆ నెంబరు ఎవరికీ ఇవ్వకూడదు. 720పి చాలు, దానికి నాలుగు ఎంబీపీఎస్ దాకా పడుతుంది, పైకి వెళ్లే నెట్ దానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. మొబైల్ నెట్ మీద కాకుండా వైరు లాగితే మేలు, ఇంకో కంపెనీ సిమ్ ఒకటి అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఇంకొకటి: యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, మొదటిసారి లైవ్‌కి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ అయితే 2025 నుంచి వెయ్యిమంది ఫాలోవర్లు ఉండాలంటోంది. శనివారం పొద్దున ఏడున్నరకి ఈ సంగతి తెలుసుకుంటే బాగుండదు.

నిజాంపేట ఆవిడ చేయలేనివి మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మామూలు వీడియోని ఎక్కడంటే అక్కడ కత్తిరించొచ్చు. లైవ్‌లో కత్తెర లేదు, కాబట్టి అందులో చేసి చూపించినదాన్ని జనం నమ్ముతారు. పట్టు అన్నారా, ఒక పోగు తీసి కాల్చి చూపించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, వేళ్ల మధ్య నలిపితే పొడయ్యే బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. వాసన పంపించే యాప్ మన కారిడార్‌లో ఇంకా ఎవరూ తయారుచేయలేదు గానీ, ఉండ కట్టిందీ లేనిదీ కెమెరాకి కనిపిస్తుంది. చీర తిరగేసి వెనకవైపు చూపించండి. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో, గద్వాల చీరకి 2010లో, తేలియా రుమాల్‌కి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కాగితం మీద ఉంటే కొనేవాళ్లకి ఏం తెలుస్తుంది, ఎందుకు వచ్చిందో మగ్గం మీద చూపిస్తే తెలుస్తుంది.

ఒక వారమంతా ఆసు పోయడానికే ఇవ్వొచ్చు. మేకులకి అటూ ఇటూ నూలు చుట్టడానికి ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆ పని చేసి చేసి తల్లి భుజం పట్టేయడం చూడలేకే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. సినిమా చూసిన ఇంజనీర్లు ఇక్కడ బోలెడుమంది. చెయ్యీ యంత్రమూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా మెకానికల్ వాళ్లు అడిగే ప్రశ్నలకి మీ గంట చాలదు.

చేర్యాల నకాషీ వాళ్లని పిలిచినప్పుడు ఫోన్ నిలువుగానే పెట్టండి. వాళ్ల పటం పుట్టిందే పైనుంచి కిందకి ఒక్కో గడీ విప్పుతూ కథ చెప్పడానికి. గుడ్డకి సుద్ద, చింతగింజల అంబలి పూసి, ఎర్రటి నేల మీద బొమ్మలు దించుతారు. మొత్తం ఒకేసారి పరిచేయకుండా గడీ తర్వాత గడీ విప్పితే, ఆ తర్వాత ఏముందోనని చూసేవాడు ఆగుతాడు. ఈ కిటుకు మా వీడియో ఎడిటర్లు నేర్చుకోవడానికి కోర్సులు కడుతున్నారు.

అమ్మకం మాటకొస్తే, చైనా కథలు చెప్పేవాళ్లు మీకు తారసపడతారు. 2018లో లీ జియాచీ అనే కుర్రాడు లైవ్‌లో అయిదు నిమిషాల్లో 15,000 లిప్‌స్టిక్‌లు అమ్మాడని. నిజమే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి జిల్లా అధికారులే కెమెరా ముందు కూర్చుని రైతుల పంట అమ్మిపెట్టారు, అదీ నిజమే. కానీ డబుల్ ఇక్కత్ చీర ఒకటి దిగడానికి వారాలు పడుతుంది. పదిహేను వేలు ఎక్కడి నుంచి తెస్తాం? ‘త్వరపడండి, రెండే ఉన్నాయి’ అని అరిచే తీరు మన సరుకుకి నప్పదు. అరవాలంటే రోజూ నిజంగానే రెండే ఉంటాయి.

నా ఉద్దేశం వేరు. ఉన్న పది చీరలు అమ్మండి, ఆ పైన ఆర్డర్లు తీసుకోండి. సాన్ హోసేలో ఉన్నావిడ నెమలికంఠం రంగులో కావాలంది అనుకోండి. వచ్చే నెల అదే నేతన్న వంతు వచ్చినప్పుడు ‘అమ్మా, మీ నూలుకి కట్లు కట్టినం, సూడండి’ అని చూపిస్తాడు. ఆ పై నెల మగ్గం మీద జానెడు గుడ్డ. తన చీర తన కళ్ల ముందు నేస్తుంటే ఆవిడ ఒక్క శనివారం కూడా మానదు. వాళ్లమ్మని, చెల్లెల్ని కూడా లింకు పంపి కూర్చోబెడుతుంది. మన సరుకు నెమ్మది. ఆ నెమ్మదినే సీరియల్‌లా చూపించొచ్చు.

ధర పైకి చెప్పించండి. ‘ఇన్‌బాక్స్‌కి రండి’ అన్నచోట నేను ఏదీ కొనను, నాలాంటివాళ్లు చాలామంది. రంగుకెంత, నూలుకెంత, కూలికెంత అని నేతన్న చెబితే బేరం అడిగేవాడికీ నోరు రాదు. డబ్బు నేరుగా ఆయన ఖాతాకే వెళ్లాలి. లైవ్‌లోనే కొనే సౌకర్యాన్ని ఫేస్‌బుక్ 2022 అక్టోబరులోనే ఎత్తేసింది, ఇన్‌స్టాగ్రామ్ 2023 మార్చిలో. కాబట్టి మనకి వాట్సాపే దిక్కు. అక్కడే మోసం కాచుకుని ఉంటుంది. కామెంట్లలోకి ఎవడో దూరి, మీ బొమ్మే పెట్టుకుని, ‘ఆర్డర్లకి ఈ నెంబరు’ అని తన నెంబరు పెడతాడు. అసలు నెంబరు వీడియో మీదే పెద్దక్షరాలతో ఉండాలి, కామెంట్లలో నెంబర్లు కనిపించకుండా ముందే సెట్ చేయాలి. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1930కి ఫోన్ చేయాలని ప్రతి వారం చెప్పాలి. అమెరికా వాళ్లకి ఇంకో మాట: చిన్న పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అక్కడి ప్రభుత్వం తీసేసింది. ఆ సుంకం ఎవరు కట్టాలో చీర చూపించేటప్పుడే చెప్పేస్తే తర్వాత తగువు ఉండదు.

మొదటి వారం నలభైమంది చూస్తారు. మీ పైవాళ్లు ‘వ్యూస్ ఎన్ని’ అని అడుగుతారు. ఆ నలభైమందీ మీ ఆంఫీ థియేటర్ మెట్ల మీద కూర్చుని ఒక నేతన్నని గంటసేపు ప్రశ్నలడిగితే మనం దాన్ని విఫలం అంటామా? మీ పైవాళ్లకి వ్యూస్ బదులు ప్రశ్నల జాబితా పంపండి. ఏ ప్రశ్న పదేపదే వచ్చిందో చూస్తే వచ్చే వారం ఏం చూపించాలో అందులోనే ఉంటుంది.

మీ వైపు నుంచి కావలసింది మగ్గం ఉన్న పందిరి దగ్గర ఒక ప్లగ్ పాయింటు, అక్కడిదాకా ఒక ఇంటర్నెట్ వైరు, వంతగా కూర్చునే మనిషికి శనివారం పనిచేసినందుకు ఇంకో రోజు సెలవు. మొదటి నాలుగు శనివారాలు స్టాండు, మైకులు పట్టుకుని నేనే వస్తాను, పైసా అక్కర్లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి, ఏడింటికల్లా లోపలికి వదలాలి. నేతన్న బస్సు దిగి వచ్చేసరికి టీ కొట్టు తెరిచి ఉండదు కాబట్టి ఫ్లాస్కు కూడా నేనే తెస్తాను.

ఇట్లు,
రాయదుర్గంలో లైవ్‌లు నడిపే ఒక ఉద్యోగి